మోహనకు ఐదుగురు, కల్యాణికి ఏడుగురు

మా కళాశాలలో విద్యార్థుల ముఖాలు చూసి హాజరు వేయడం ఎప్పుడో మానేశాం. ముఖాలు నమ్మదగ్గవి కావని పైవాళ్లు తేల్చేశారు. తర్వాత వేలిముద్రల యంత్రం వచ్చింది. మాదేమో సంగీత కళాశాల. గోదావరి పక్కనున్న ఓ పట్నంలో, పెచ్చులూడిన పాత మేడలో నడిచే ప్రభుత్వ సంస్థ. వీణ వాయించే పిల్లల వేళ్లు కాయలు కాసి ఉంటాయి. వాళ్లు వేలు పెడితే యంత్రం గుర్తుపట్టేది కాదు. నా దగ్గర మృదంగం నేర్చుకునే పిల్లల సంగతి సరేసరి. సాధన చేసేవాళ్లంతా గైర్హాజరు, చేయనివాళ్లంతా హాజరు. కొంతకాలం ఇలా సాగాక సంచాలకుల కార్యాలయానికి ఓ బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

పాడేవాడికి తనదంటూ ఒక శ్రుతి ఉంటుంది కదా. హార్మోనియం మెట్ల లెక్కన ఒకరిది ఒకటి, ఒకరిది నాలుగు, ఇంకొకరిది ఐదున్నర, అంటే ఐదు పక్కనున్న నల్ల మెట్టు. ఆ మెట్టు మీద షడ్జమం, అంటే 'స', పెట్టుకుని జీవితమంతా పాడుకుంటాడు. అంచేత మనిషిని శ్రుతిని బట్టి గుర్తుపడితే సరిపోతుందని తీర్మానించారు. ప్రతి తరగతి గదిలో, పరీక్షల హాల్లో కూడా పైకప్పుకు ఓ యంత్రం బిగించారు. ఎవరైనా ఒక స్వరాన్ని కాసేపు నిలిపి పాడితే, అది ఎవరి షడ్జమమో పోల్చుకుని హాజరు వేసేస్తుంది. ఇద్దరిదీ ఒకే శ్రుతి అయితే ఎలాగని వయొలిన్ మేడం గారు అడిగారు. "అట్టి సందర్భము ఉత్పన్నమైనచో వారిలో ఒకరిని మాత్రమే పరిగణించవలెను" అని జవాబొచ్చింది. అప్పట్నించి నాట్యం సెక్షన్లో ఒకే శ్రుతి ఉన్న అక్కాచెల్లెళ్లు రోజు మార్చి రోజు కాలేజీకి వస్తున్నారు. నాకిది వింతగా తోచలేదు. నేను ప్రభుత్వోద్యోగిని. ఆశ్చర్యపోవడానికి మాకు సెలవు పెట్టుకునే సౌకర్యం లేదు.

ఇక అసలు సంగతికొస్తాను. గాత్రం చివరి సంవత్సరంలో మాకున్నది ఒకే ఒక్క విద్యార్థిని. పేరు కోలా భ్రమర. చేరిన కొత్తలో ఇంకా కొందరుండేవారు. ఒకమ్మాయికి పెళ్లయింది, ఒకబ్బాయి పోలీసు ఉద్యోగానికి పరుగు పందెం ప్రాక్టీసులో పడ్డాడు, మిగతావాళ్లు ఎందుకు మానేశారో వాళ్లకే తెలియదు. భ్రమర మాత్రం మిగిలింది. ఊళ్లో ఓ పెద్ద బడివాళ్లు ఆమె పాట విని, సంగీతం టీచరుగా తీసుకుంటామన్నారు. అయితే బడి తెరిచేనాటికి డిప్లొమా చేతికి రావాలన్నారు. ఆ ఉద్యోగం మీదే ఆ పిల్ల ప్రాణాలన్నీ పెట్టుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉత్తర్వు దిగింది. ఏ తరగతిలోనైనా హాజరు ఐదుగురికంటే తక్కువుంటే ఆ ఏడాది ఆ తరగతికి పరీక్ష పెట్టరు. మా ప్రిన్సిపాల్ జొన్నాడ దక్షిణామూర్తి గారు ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది సంస్థ అస్తిత్వానికి సంబంధించిన అంశమండీ మాస్టారూ" అన్నారు నాతో.

"భ్రమర ఉద్యోగానికి సంబంధించింది కూడానండి" అన్నాను.

"అదీ ఉందనుకోండి, అది ద్వితీయ ప్రాధాన్యం" అన్నారాయన.

భ్రమరకు చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు గానీ మర్నాడు సంచిలో ఇటుకంత పెట్టె ఒకటి వేసుకుని వచ్చింది. వాళ్ల మేనమామ కొడుకు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడట. కొత్తది కొనుక్కుని పాతది ఈమెకిచ్చేశాడట. లూపర్ అంటారట దాన్ని. మైకు ముందు పాడుతూ కాలితో ఒకసారి నొక్కితే పాడింది పట్టుకుంటుంది. మళ్లీ నొక్కితే అదే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకోటి పాడి కలపొచ్చు. దాని మీద మరోటి.

"పరీక్ష ఎలాగూ లేదు కదండీ మాస్టారూ. కనీసం సరదాగా పాడుకుందామని తెచ్చానండి" అంది. "మూడేళ్లుగా ఒక్కదాన్నే పాడుతున్నాను. పక్కన గొంతు కలిపేవాళ్లే లేరు. గోష్ఠిగానం అంటే ఎలాగుంటుందో నాకు తెలీదండి."

ఆదితాళం వేస్తూ ఒక ఆవర్తం పాటు, అంటే తాళం ఒక చుట్టు తిరిగేదాకా, షడ్జమం నిలిపింది. తాళం మళ్లీ మొదలయ్యే సమం మీద సరిగ్గా కాలు నొక్కింది. గదిలో ఇద్దరు భ్రమరలయ్యారు. దాని మీద రిషభం నిలిపింది. తర్వాత గాంధారం, పంచమం, ధైవతం. అన్నీ మోహన రాగం స్వరాలు. అవన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతుంటే మా పెచ్చులూడిన గోడలు కూడా మోగాయి. ఆ మోత మీద ఆమె ఆలాపన అందుకుంది. నాకు ఒళ్లు జలదరించింది. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా ఇలాంటి పెట్టెలంటే నాకు మంట. కానీ ఇది తాళజ్ఞానం లేనివాడి దగ్గర పనిచేయదు. కాలు అరక్షరం ముందు పడితే చాలు, అంతా కలగాపులగం. ఆ పిల్ల కాలు ఒక్కసారి కూడా తప్పలేదు. నేను మృదంగం ఎత్తుకోబోయి, ఆమె నోటితో తకధిమి చెప్పి అది కూడా పెట్టెలో వేసేయడంతో మళ్లీ కింద పెట్టేశాను.

అప్పుడు పైకప్పు మీది యంత్రం టింగుమంది. తల ఎత్తి చూస్తే తెర మీద 'హాజరు: 5' అని ఉంది.

అయిదున్నర భ్రమర. మిగిలినవాళ్లు ఆరున్నర, ఒకటి, రెండున్నర, నాలుగు. భ్రమర నిలిపిన రిషభాన్ని అది ఎవరిదో షడ్జమం అనుకుంది. గాంధారాన్నీ అలాగే అనుకుంది. యంత్రానికి రాగం తెలియదు పాపం, మనుషులే తెలుసు.

నేను పరుగున వెళ్లి ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయనా వచ్చి తెర చూశారు. చాలాసేపు చూశారు. యంత్రం చెడిందని పైకి రాస్తారేమో అనుకున్నాను.

"మాస్టారూ, యంత్రం ప్రభుత్వానిది. అది ఐదుగురున్నారన్నాక లేరనడానికి మనమెవరం?" అన్నారు.

"సార్, వాళ్లు నేనేనండి" అంది భ్రమర.

"నువ్వు అయిదున్నరవమ్మా. తక్కినవారి విషయం నీ పరిధిలోకి రాదు. నీకు పరీక్ష కావాలా, అక్కర్లేదా?"

"కావాలండి."

"అయితే రోజూ మోహన పాడు."

ఆ విధంగా గాత్రం సెక్షన్ నిలబడింది. నెలయ్యేసరికి అభినందన పత్రం వచ్చింది. క్షీణించుచున్న తరగతిని స్వల్పకాలములో బలోపేతము చేసిన మీ కృషి శ్లాఘనీయము, ఇతోధికముగా కొనసాగించగలరు, అని. ఇతోధికముగా అన్న మాట ప్రిన్సిపాల్ గారి బుర్రలో పురుగులా తొలిచింది. ఆయన స్వయంగా గాయకుడు. రెండు రోజులు ఆలోచించి భ్రమరను పిలిపించారు.

"మోహనలో స్వరాలెన్నమ్మా?"

"ఐదండి."

"కల్యాణిలో?"

"ఏడండి."

"మరి ఇంకా మోహన పట్టుకు వేళ్లాడతావేం?"

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. సంస్థాభివృద్ధి దృష్ట్యా ఏడు స్వరముల కంటె తక్కువ గల రాగములను కళాశాల ఆవరణలో ఆలపించుట నిషేధించడమైనది. వీణ పిల్లలు హిందోళం సగంలో ఆపేశారు. వయొలిన్ మేడం గారు నలభై ఏళ్లుగా హంసధ్వనితో పాఠం మొదలుపెట్టే మనిషి, ఆ రోజు మొదలుపెట్టకుండానే ఇంటికెళ్లిపోయారు. భ్రమర కల్యాణి పాడింది. రెండు, ఐదు అనే ఇద్దరు కొత్త విద్యార్థులు చేరారు.

విద్యార్థులున్నాక వాళ్ల మంచిచెడ్డలు చూడకపోతే ఎలా? ఆరుగురికీ గుర్తింపు కార్డులొచ్చాయి. ఫోటో ఉండాల్సిన చోట హార్మోనియం మెట్టు బొమ్మ వేశారు. ఆరోగ్య శిబిరానికి వచ్చిన డాక్టరు గారు మొదట ఒప్పుకోలేదు. కాలేజీలో ఇంతమంది ఉండగా ఆరుగురిని చూడకుండా వదిలేశారని పేరొస్తుందని భయపెట్టాక, పెట్టె ముందు కూర్చుని స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఆరుగురికీ ఊపిరితిత్తులు అద్భుతంగా ఉన్నాయని, బరువు మాత్రం తక్కువని రాసి వెళ్లారు. దాంతో రోజూ ఆరు గుడ్లు రావడం మొదలైంది. అవి ఎవరు తిన్నారని అడక్కండి. అటెండరు సూర్రావు బుగ్గలు చూస్తే తెలుస్తుంది.

ఓసారి పైనుంచి శ్రీముఖం వచ్చింది. మీ తరగతిలో రెండున్నర, నాలుగు వచ్చుచుండగా మధ్యనున్న మూడున్నర ఎందులకు వచ్చుట లేదో సంజాయిషీ ఇవ్వవలెను, అని. హార్మోనియంలో మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు. మూడున్నర అనేదే లోకంలో లేదు. ఆ మాట రాస్తే, లేనివారిపై చర్య తీసుకొనుటకు అభ్యంతరమేమి అని తిరుగు టపా వచ్చింది. చివరికి మూడున్నర ఆది నుంచీ గైర్హాజరు అయినందున పేరు తొలగించడమైనదని రాసి ఊపిరి పీల్చుకున్నాం.

తల్లిదండ్రుల సమావేశానికి భ్రమర వాళ్లమ్మ వరలక్ష్మి గారు వచ్చారు. టైలరింగు చేసుకునే మనిషి. మెళ్లో కొలత టేపు అలాగే వేళ్లాడుతోంది.

"మా పిల్ల ఎలా చదువుతుందండీ?" అని అడిగారు.

"ఫర్వాలేదమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "కానీ ఆ రెండున్నరను చూసి నేర్చుకోమనండి. ఎంతసేపు పాడినా ఒక్కసారి గాలి పీల్చదు."

"ఎవరండీ ఆ పిల్ల?"

"మీ అమ్మాయేనమ్మా."

వరలక్ష్మి గారు కూతురి వంక చూశారు. కూతురు నేల వంక చూసింది. "మా పిల్లని చూసి మా పిల్లే నేర్చుకోవాలాండీ? ఇదేం చదువండీ బాబూ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుని వెళ్లిపోయారు. ఆ మాట అభిప్రాయాల పెట్టెలో వేయమని సూర్రావు వెనకాలే పరిగెత్తాడు.

ఎట్టకేలకు పరీక్ష రోజు వచ్చింది. ముఖ్య పరీక్షకులుగా ఉప సంచాలకులు ఆకొండి చక్రధరరావు గారు స్వయంగా వేంచేశారు. శ్రుతి హాజరు ఆయన మెదట్లో పుట్టిన బిడ్డే. ఒక్క విద్యార్థి కూడా మధ్యలో మానేయని శాఖను నడిపినందుకు ఆయనకు వచ్చే వారం రాజధానిలో సన్మానం ఉంది. శాలువా రంగు కూడా ఖరారైందని ప్రిన్సిపాల్ గారు చెవిలో ఊదారు.

మొదట అయిదున్నర పాడింది. అంటే మన భ్రమర. వర్ణం పాడింది, కృతి పాడింది, కల్పన స్వరాలు వేసింది. మూడు నెలలుగా కల్యాణిలో మునిగి తేలుతోందేమో, వేసిన ముక్తాయింపు వేయకుండా అల్లుకుంటూ పోయింది. నా మృదంగానికి చేతినిండా పని దొరికి చాలా కాలమైంది. నేను తబ్బిబ్బయిపోయాను. చక్రధరరావు గారు మాత్రం కళ్లు మూసుకుని వేళ్లతో ఏదో లెక్కపెడుతూ కూర్చున్నారు.

"తదుపరి అభ్యర్థిని ప్రవేశపెట్టుడు" అన్నారు.

భ్రమరే లేచి పెట్టె నొక్కింది. "ఆ..." అని ఒకటో శ్రుతి విద్యార్థిని అందుకుంది.

"వర్ణము?" అన్నారు పరీక్షకులు.

"ఆ..." అంది ఒకటి.

"కృతి?"

"ఆ..."

"ఈ శాస్త్రమందు నీకు గల ఆసక్తికి కారణమేమి?"

"ఆ..."

ఆయన ముఖం వికసించింది. "చూచితిరా! ఏ ప్రశ్న వేసినను ఎంత నిబ్బరము! తడబాటు లేదు, మాట మార్పు లేదు. ఇది క్రమశిక్షణ" అన్నారు. రెండు, రెండున్నర, నాలుగు, ఐదు, ఆరున్నర కూడా ఆయన్ని నిరాశపరచలేదు. ఆరుగురికీ ప్రథమ శ్రేణి. ఆ తర్వాత అయిదున్నర మార్కులు చదివారు.

"ఈ అభ్యర్థిని పాటలో స్థిరత్వము లోపించినది. అడుగడుగునా శ్వాస తీసుకొనుట గమనించితిని. ఒకసారి వేసిన స్వరము మరల వేయలేదు. సహవిద్యార్థులు ఆరుగురును ఏకాభిప్రాయముతో పాడియుండగా ఈమె ఒక్కతెయే విభేదించినది. అనుత్తీర్ణురాలు."

భ్రమర మొహం పాలిపోయింది. బడి తెరవడానికి వారమే ఉంది. నాకు రక్తం ఉడికింది. "అయ్యా, ఆ ఆరుగురికీ పాట నేర్పింది ఈ పిల్లేనండి!" అన్నాను గట్టిగానే.

"అటులైన మరింత విచారకరము. నేర్పినది తాను నేర్వలేదు" అన్నారాయన.

హాల్లో అభ్యర్థులంతా కూర్చుని ఉండాలన్నది నిబంధన కనుక, ఆరుగురూ పెట్టెలోంచి సన్నగా మోగుతూనే ఉన్నారు. భ్రమర నాలుగడుగులు వేసి వెళ్లి, పాదం ఎత్తి, తాళం చూసుకుని, సమం మీద నొక్కింది. మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినబడింది. ఆమె తన షడ్జమం ఒక్కటీ కాసేపు నిలిపింది. పైన యంత్రం మళ్లీ లెక్కపెట్టుకుని, టింగుమని 'హాజరు: 1' చూపించింది.

"ఏమాయెను?" అన్నారు చక్రధరరావు గారు.

"వెళ్లిపోయారండి."

"ఎచ్చటికి?"

"చదువు మానేశారండి."

"ఆరుగురునా?"

"ఆయ్. ఆరుగురూనండి."

ఆయన తెర వంక చూశారు. శాలువా కళ్ల ముందు మెదిలిందో ఏమో, మనిషి చెమటలు పట్టేశారు. గ్రాంథికం ఎటుపోయిందో తెలియదు. "అదేంటమ్మా, ఉన్నట్టుండి మానేస్తే ఎలా? పై వారం నాకు... అసలెందుకు మానేశారు?"

"నేను తప్పానని బెంగ పెట్టుకున్నారండి. అందరం ఒక గొంతులోంచి వచ్చినవాళ్లం కదండీ."

"నువ్వు నచ్చజెప్పు తల్లీ! నీ మాట వింటారు."

"చెప్పి చూస్తానండి. కానీ నేను తప్పినదాన్ని కదండీ, నా మాటకి విలువేముంటుంది?"

ప్రిన్సిపాల్ గారు పక్కనుంచి మెల్లగా అందుకున్నారు. "సార్, సహవిద్యార్థుల మనోధైర్యానికి దోహదపడిన అభ్యర్థికి కృపా మార్కులు కలపవచ్చునని నిబంధన ఉంది కదండీ."

"ఉందా?"

"ఇప్పుడు తమరు రాస్తే ఉంటుందండి."

చక్రధరరావు గారు రాశారు. ఎన్ని కలపాలో తెలియక కలుపుకుంటూ పోయారు. ప్రథమ శ్రేణి దాటాక ప్రిన్సిపాల్ గారే చెయ్యి పట్టుకుని ఆపారు. సంతకం, ముద్ర, దాని మీద ఇంకో సంతకం అయ్యాయి. భ్రమర డిప్లొమా అందుకుని తన పేరు సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకుంది. అప్పుడు వెళ్లి పెట్టె నొక్కింది. ఆరుగురూ చదువులో తిరిగి చేరారు. ఉప సంచాలకుల వారు కుర్చీలో వెనక్కి వాలి, వాళ్లను అక్కడికక్కడే పై కోర్సులో కూడా చేర్చేసుకోమని ఆదేశించారు. మళ్లీ మానేసే అవకాశం ఇవ్వకూడదు కదా.

తర్వాత ప్రిన్సిపాల్ గదిలో కాఫీలకు కూర్చున్నాం. చక్రధరరావు గారు గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయారు. కింద హాల్లోంచి పాట వస్తోంది. మోహన. వట్టి తంబూరా మీటుతూ ఎవరో ఒక్కరే పాడుతున్నారు. గొంతు బరువు దించుకున్నట్టు హాయిగా సాగుతోంది. మధ్యలో గాలి పీల్చడం కూడా వినబడుతోంది, అది కూడా బాగుంది. ఉప సంచాలకుల వారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి చెడ్డవాడు కాడు, ఉద్యోగం అలాంటిది.

"ఎవరండీ ఆ పాడేది?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు చెవి ఒగ్గి విన్నారు. "శ్రుతి నాలుగున్నర. మా దగ్గర నాలుగున్నర ఎవరూ లేరండి. బయటివాళ్లెవరో అయ్యుంటారు."

"ఇలాంటి గొంతు మన కళాశాలలకు ఎందుకు రాదండీ? వెంటనే చేర్చుకోండి."

"సీట్లు ఖాళీ లేవండి. ఇప్పుడే ఆరుగురితో నింపేశాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు బాధగా.

నేను గ్లాసు కింద పెట్టి, మృదంగం చంకనెత్తుకుని మెట్లు దిగాను. హాల్లో భ్రమర ఒక్కతే ఉంది. నన్ను చూసి పాట ఆపి నవ్వింది.

"ఇంత కిందికి దిగి పాడుతున్నావేంటమ్మా?" అన్నాను.

"ఇదేనండి నా శ్రుతి. ఇంట్లో ఎప్పుడూ దీన్లోనే పాడతాను. చేరిన రోజు భయానికి గొంతు పైకెక్కేసిందండి, యంత్రం అయిదున్నర అని రాసేసుకుంది. మార్చమని అడిగితే కుదరదన్నారు. మరి హాజరు కావాలి కదండీ."

మూడేళ్లు ఆమె పక్కన కూర్చుని వాయించినవాణ్ణి. మృదంగం ఒళ్లో పెట్టుకుని, ఆమె అందించిన షడ్జమానికి వార్ల మీద ఒక్కో దెబ్బా వేస్తూ దాన్ని నాలుగున్నరకు దించడం మొదలుపెట్టాను. అది ఒక పట్టాన దిగలేదు. భ్రమర తంబూరా మీటుతూ, నాకోసం ఆగింది.